బస్టాండులో పీకిన ప్లగ్గు

బత్తలపల్లె బస్టాండులో పనిచేసే ప్లగ్గు ఒక్కటే. నా ఫోనేమో చచ్చేట్టుంది, బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. ఆ ప్లగ్గుకు ఎవరో ఒకాయన ఇంట్లో వాడే వైఫై రూటరు తగిలించి, దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా, బస్టాండంతటికీ నెట్టు పంచుతాండావా?" అని నేనే ప్లగ్గు పీకేసినాను.

ఆయన మొహం పాలిపోయింది. "అయ్యో అక్కా! కంపెనీ దీనికి కొత్త సాఫ్ట్‌వేరు ఇచ్చేది ఎప్పుడో ఆపేసింది. ఎవరెవరో జనం కలిసి ఊరికే రాసిపెట్టిన సాఫ్ట్‌వేరు ఎక్కిస్తాండా. మధ్యలో కరెంటు పోతే ఇది చస్తాది. మా ఊర్లో కరెంటు నిలవదనే ఈడికొచ్చినా. మా వీధి మగ్గాలకు డిజైన్లు వచ్చేది దీంట్లోనే."

"ముందే చెప్పాల గదా!" అన్నాను, తప్పు నాదైనా.

"అడిగింటే చెప్పుంటి గదక్కా. పిన్నీసుంటే ఇయ్యండి. మీ అట్లాటోళ్లు ఉంటారని రాసినోళ్లకు తెలుసు, బతికించే దారి కూడా పెట్టినారు."

గాజుకున్న పిన్నీసు తీసిచ్చినాను. ఆయన మళ్లీ కరెంటు పెట్టి, వెనకున్న సన్న బొక్కలో పిన్నీసు నొక్కిపట్టి, దీపం వెలుగుతుందేమోనని చూస్తుండగానే నా బస్సు వచ్చింది. ఎక్కేసినాను. కిటికీలోంచి చూస్తే ఆయనింకా తల ఎత్తలేదు.

అది బతికిందో లేదో నాకిప్పటికీ తెలియదు. ధర్మవరం దాకా సీటు కోసం పక్కామెతో కొట్లాడినాను. ఆయనకు చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం ఈ నోటికి రాలేదు.