తక్కువ కావాల్సిన లైటు

ఆ నాటకంలో నాకున్నది ఒకే ఒక్క మాట. "ఒక లైటు తక్కువుంది." పంతొమ్మిది సాయంత్రాలు దాన్ని ప్రాక్టీసు చేశాను. చివరికి స్టేజీ మీద అది అనలేకపోయాను.

నేను పనిచేసేది గని ల్యాంప్ రూంలో. లోపలికి దిగే ప్రతి కార్మికుడూ నా కిటికీ దగ్గరికొచ్చి తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇస్తాడు, టోపీకి తగిలించుకునే లైటు తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. ఆ బిళ్లలు తగిలించే గోడ మేకులన్నీ ఖాళీ అయి, లైట్ల ర్యాకు నిండితే అందరూ పైకి వచ్చినట్టు. ఒక్క బిళ్ల మేకుకు మిగిలినా లోపల ఒక మనిషి మిగిలినట్టు. చదివింది ఏడో తరగతి. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు. టబ్బుల్లో బొగ్గు నింపే బదిలీ ఫిల్లరుగా చేరిన కొత్తలో, నేను నింపిన టబ్బులు మధ్యలో మాయం కాకుండా చూసుకోవాలని మనసులోనే కూడుకుంటూ నేర్చుకున్నాను. మోకాలు చెడిపోయాక పైపని ఇచ్చారు. అప్పటి నుంచీ ఇదే కిటికీ, ఇప్పటికి పద్నాలుగేళ్లు.

నాటకం రాసింది లోపల షిఫ్టు పని చూసుకునే మా గని ఓవర్‌మన్. నాకంటే ఐదేళ్లు పెద్ద, అన్నా అని పిలుస్తాను. ఏటా రక్షణ వారోత్సవాలకు ఏదో ఒక నాటిక రాసి ఆడిస్తాడు. ఈసారి రాసింది మాత్రం జరిగిన కథ. ఏడేళ్ల కింద ఒక మధ్యాహ్నం మొదటి షిఫ్టు అయ్యాక నా లెక్కలో ఒక లైటు తగ్గింది. మూడుసార్లు లెక్కపెట్టాను, మూడుసార్లూ తగ్గింది. సైరన్ మోగింది, ఈ ఓవర్‌మన్నే మనుషుల్ని తీసుకుని మళ్లీ లోపలికి దిగాడు. నలభై నిమిషాల తర్వాత తెలిసిందేమిటంటే, ఆ కార్మికుడు బావమరిది వచ్చాడన్న తొందరలో లైటు ఇవ్వకుండానే బండెక్కి వెళ్లిపోయాడట. పట్టపగలు కల్లు కాంపౌండులో నడుముకు బ్యాటరీ, నెత్తిన వెలుగుతున్న లైటుతో కూర్చుని దొరికాడు. ఊరంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఆ నలభై నిమిషాలు నాలో ఇంకా అలాగే ఉన్నాయి.

అన్న ఆ కథలో కల్లు కాంపౌండు తీసేసి, గని పైకప్పు నుంచి ఊడిపడిన బొగ్గు పెళ్ల కింద నిజంగానే ఒక మనిషి పడిపోయినట్టు రాశాడు.

"ల్యాంప్ రూం పాత్ర నువ్వే చెయ్యాలె తమ్మీ," అన్నాడు కిటికీ దగ్గర నిలబడి.

"నాకు యాక్టింగ్ రాదన్నా."

"యాక్టింగ్ ఎవలు జెయ్యమన్నరు? ఆ రోజు నీ మొఖం నేను జూసిన. గదే మొఖం పెట్టు, చాలు."

ఒప్పుకున్నది మొఖం కోసం కాదు. నా భార్య పోయి అప్పటికి మూడేళ్లయింది. మాకు పిల్లల్లేరు. రెండు గదుల క్వార్టర్‌లో నేనొక్కడినే. ఒక ఆదివారం పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఎన్ని మాటలు మాట్లాడానో గుర్తు పెట్టుకున్నాను. పాలవాడితో "అర్ధ లీటరు చాలు". పక్కింటివాళ్లు ఏదో అడిగితే "ఆఁ". రెండే. డ్యూటీ ఉన్న రోజు కిటికీ దగ్గర వందల మంది వస్తారు కానీ, వాళ్లు నంబరు చెబుతారు, నేను లైటు ఇస్తాను. దాన్ని మాట్లాడడం అనలేను.

ప్రాక్టీసు రోజూ ఆరు నుంచి ఎనిమిది వరకు కాలనీ కమ్యూనిటీ హాల్లో. ఓవర్‌మన్ అన్న, నేను, గనిలోకి దిగే కార్మికులుగా ఐదుగురు, ఒక ఆడమనిషి. ఆమె మా క్యాంటీన్‌లో పనిచేస్తుంది. గుండెపోటుతో భర్త పోతే ఆయన ఉద్యోగం ఆమెకొచ్చింది. నాటకంలో పెళ్ల కింద పడ్డవాడి భార్య ఆమే. క్యాంటీన్ నుంచి స్టీలు క్యానులో చాయ్ తెచ్చేది. ఏడ్చే సీను వస్తే నిజంగానే ఏడ్చేది, సీను అయ్యాక కూడా కాసేపు ఆగేది కాదు. అన్న అప్పుడు స్క్రిప్టు కాగితాలు సర్దుకుంటున్నట్టు తలదించుకునేవాడు. ఆ ఐదుగురిలో పెళ్ల కింద పడేవాడు, గనిలో టబ్బులు లాగే యంత్రం నడిపే హాలేజీ ఆపరేటర్. పెద్ద బొజ్జ, పెద్ద గొంతు. నన్ను కాకా అనేవాడు.

"కాకా, నీ డైలాగ్ మర్చిపోతవేమో, చేతి మీద రాస్కో."

"మూడు మాటలు గద బిడ్డా."

"మూడే అని మర్చిపోతవు. ఎక్కువుంటే ఫికర్ ఉంటది."

ప్రాక్టీసులో నిజం లైట్లు లేవు, చాయ్ తాగిన కాగితం గ్లాసులే లైట్లు. గనిలోకి దిగింది ఐదుగురు, కాబట్టి ఐదు గ్లాసులు. తిరిగొచ్చిన నలుగురు నాలుగు గ్లాసులు నా ముందు పెట్టేవాళ్లు. ఐదోది ఎప్పుడూ హాలేజీ ఆపరేటర్ చేతిలోనే ఉండేది. అతను పెళ్ల కింద పడుకుని కూడా చాయ్ తాగుతూనే ఉండేవాడు. కాబట్టి నా లెక్క రోజూ నాలుగే వచ్చేది. నేను రోజూ "ఒక లైటు తక్కువుంది" అనేవాణ్ణి.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. ఏరియా పోటీలో మొదటి బహుమతి వచ్చిన నాటికను కంపెనీ స్థాయి పోటీకి పంపుతారు. అది గోదావరి అవతల, మంచిర్యాల వైపు. దానికీ దీనికీ మధ్య ఇరవై ఆరు రోజులు. అంటే గెలిస్తే ఇంకో ఇరవై ఆరు సాయంత్రాలు ఆ హాలు తలుపు తెరిచి ఉంటుంది. అన్నకు బహుమతి కావాలి, హాలేజీ ఆపరేటర్‌కు చప్పట్లు కావాలి. నాకు కావాల్సింది ఆ ఇరవై ఆరు సాయంత్రాలు. ఆ గుంపులో గెలవాలని అందరికంటే గట్టిగా కోరుకున్నవాణ్ణి నేనేనని ఎవరికీ తెలియదు.

పోటీ రోజు ఏడు గంటలకు మా నాటిక. ముఖ్య అతిథికి ఇంకెక్కడో కార్యక్రమం ఉందని నాలుగుంబావుకు మార్చారు. మా కథ జరిగేది భూగర్భంలో, చీకట్లో. చీకట్లో ఐదు లైట్లు కదలడమే మా నాటికలో గొప్ప దృశ్యం. నాలుగుంబావుకు ఆ గ్రౌండులో ఎండ సరిగ్గా స్టేజీ ముఖం మీద పడుతుంది. ఐదుగురూ నల్లరంగు పూసుకుని, లైట్లు వెలిగించుకుని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుంటూ వచ్చారు.

"ఏం చీకటి గున్నదిరా!" అని మొదటివాడు రాసినట్టే అన్నాడు.

"నల్లద్దాలు దియ్యి, కనవడతది!" అని కుర్చీల్లోంచి ఎవరో అరిచారు.

తర్వాత పెళ్ల కూలాలి. అట్టలు అతికించి, నల్లరంగేసి, తాడుతో పైన కట్టాం. తాడు లాగితే హాలేజీ ఆపరేటర్ మీద పడాలి. లాగారు, పడలేదు. మళ్లీ లాగారు. అతను "అయ్యో, పెళ్ల!" అని రెండుసార్లు అరిచి, పైకి చూసి, మూడోసారి తనే చెయ్యెత్తి దాన్ని అందుకుని మీదికి లాక్కున్నాడు. సగం స్టేజీ పరదా కూడా దానితో పాటే వచ్చింది. అప్పుడు సైరన్ మోగాలి. మైకు మనిషి ఫోన్‌లో సైరన్ వీడియో పెట్టాడు. ముందు ఒక తలనూనె ప్రకటన వచ్చింది. జుట్టు రాలిపోతోందా అని ఒక ఆడగొంతు గ్రౌండంతా వినిపించేలా అడిగింది. పెళ్ల కింద ఉన్నవాడికి బట్టతల. జనానికి అది తెలుసు.

ఇంత జరిగినా నాకు ఆశ ఉంది. మా ముందు ఆడిన నాటికలో ఇద్దరు మాటలు మర్చిపోయారు. మాది ఇంకా పూర్తిగా పాడవలేదని లెక్కేసుకుంటూ బల్ల వెనక కూర్చున్నాను. నా సీను బాగా పండితే, ఆ వెంటనే ఆమె ఏడిస్తే, జనం నవ్వు ఆగిపోతుంది. ప్రాక్టీసులో ఆమె ఏడుపుకు నవ్వినవాడు లేడు.

నలుగురూ వచ్చి లైట్లు బల్ల మీద పెట్టి వెళ్లారు. అవి నిజం లైట్లు, మా ల్యాంప్ రూంలోంచి నా సంతకం మీద తెచ్చినవి. లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు.

జరిగింది ఇది. నడుముకు బ్యాటరీ ఉంటే బొజ్జ ఆ అట్టల కింద పట్టడం లేదని హాలేజీ ఆపరేటర్ తన లైటు విప్పి పక్కవాడికిచ్చాడు. పక్కవాడు దాన్ని కూడా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ల్యాంప్ రూంలో లైటు ఇవ్వడం వాళ్లకు అలవాటు, స్టేజీ అయినా చెయ్యి అదే పని చేసింది.

నా చెయ్యీ అంతే. ఐదోది తాకగానే భుజాలు దిగాయి. రోజూ షిఫ్టు చివర చివరి మేకు ఖాళీ కాగానే దిగినట్టు దిగాయి. నాటకం, పోటీ, ఇరవై ఆరు సాయంత్రాలు ఏవీ ఆ క్షణంలో నాలో లేవు. మైకులో స్పష్టంగా అన్నాను:

"సరిపోయింది."

తర్వాత రావలసింది ఆమె. పరుగెత్తుకుంటూ వచ్చేసింది, ఆగే వీల్లేదు. బల్ల ముందు నిలబడి నన్ను చూసింది, లైట్లను చూసింది.

"లెక్క సరిపోతే మరి నా మొగడేడి?" అంది.

నేను ఏదో ఒకటి అనాలి. కిటికీ దగ్గరికి ఎవరి ఇంట్లోవాళ్లైనా వచ్చి అడిగితే ఏమంటానో అదే నోట్లోంచి వచ్చింది.

"ఇంటికాడ జూడు చెల్లే, వచ్చేసి ఉంటడు."

అట్టల కింది నుంచి పెద్ద గొంతు లేచింది. "ఏ కాకా! నేనీడనే ఉన్ననే! పెళ్ల కింద!"

గ్రౌండు దద్దరిల్లిపోయింది. కుర్చీలు పడిపోయిన చప్పుడు వినిపించింది. "ఇంకోసారి లెక్కవెట్టు కాకా!" అని ఎవరో అరిస్తే, నేను నిజంగానే మళ్లీ లెక్కపెట్టాను. మళ్లీ ఐదే వచ్చాయి. అన్న ఓవర్‌మన్ వేషంలో పరుగెత్తుకొచ్చి, "లైటు వచ్చింది గని మనిషి రాలే!" అని కథను పట్టాల మీదికి లాగబోయాడు. అంతలో ఇచ్చిన ఇరవై ఐదు నిమిషాలు అయిపోయాయని గంట కొట్టారు. కాపాడాల్సినవాళ్లు ఇంకా స్టేజీ వెనకే ఉన్నారు. హాలేజీ ఆపరేటర్ తనే అట్టలు నెట్టుకుని లేచి, జనానికి దండం పెట్టి దిగిపోయాడు.

ముఖ్య అతిథి రక్షణతో పాటు హాస్యం కూడా అవసరమే అన్నారు. ఐదు నాటికల్లో మాది ఐదో స్థానం.

అన్న వాన్ పక్కన రంగు తుడుచుకుంటున్నాడు. నేను దగ్గరికి వెళ్లాను.

"మూడు ముక్కలు తమ్మీ. మూడంటే మూడు ముక్కలిచ్చిన నీకు."

"ఐదున్నయన్నా."

"ఉంటే? ఉంటే నీకేంది? నాటకం గదనే అది!"

"ఉన్నయి గదన్నా మరి."

ఆయన రంగు తుడిచిన గుడ్డ విసిరేసి వాన్ ఎక్కాడు. క్యాంటీన్ ఆమె ఖాళీ క్యాను పట్టుకుని నా పక్కగా వెళ్తూ, "అన్నా, నాకు నవ్వొచ్చింది. ఏడ్సుడే మర్చిపోయిన," అంది. కోపంగా అందో సంతోషంగా అందో నాకు తెలియలేదు. అడుగుదామనుకునేలోపు ఆమె ఎక్కేసింది. ఐదు లైట్లు లెక్క చూసుకుని, సంచిలో వేసుకుని, గనికి వెళ్లి అప్పగించి ఇంటికి నడిచాను.

మర్నాడు నాకు డ్యూటీ లేదు, సాయంత్రం ఆరు గంటలకు కాళ్లు హాలు దగ్గరికి తీసుకెళ్లాయి. తాళం ఉంది. "ఇగ ప్రాక్టీసు లేదు గద సార్," అన్నాడు వాచ్‌మన్. తెలుసు, ఊరికే ఇటు వచ్చాను అన్నాను. అతను కుర్చీ జరిపాడు గానీ, కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచక వచ్చేశాను. ఎనిమిది దాకా ఇంకా గంటా యాభై నిమిషాలు ఉంది.

అయితే నేను ఊహించనిది ఒకటి జరిగింది. ఆ మర్నాడు డ్యూటీలో మొదట లైటు ఇచ్చినవాడు కిటికీలోంచి తొంగి చూసి, "కాకా, సరిపోయిందా?" అన్నాడు. వెనకాల లైనంతా నవ్వింది. తర్వాతివాడు, "నా పెండ్లాం అడుగుతది, ఇంటికాడ జూడుమను," అన్నాడు. ఆ ఒక్క షిఫ్టులో ఎనభై మూడు మంది నాతో ఏదో ఒకటి అన్నారు. నేనూ జవాబులిచ్చాను. "నువ్వొస్తె సరిపోతది, జల్ది ఇయ్యి," అన్నాను ఒకరితో. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఓడిపోయినందుకు బాధ ఉంది, గంటల తరబడి ఉంది. కానీ ఇన్నేళ్లలో ఆ కిటికీ దగ్గర నంబరు కాకుండా వేరే మాట అంతమంది నోట రావడం అదే మొదటిసారి. ఇరవై ఆరు సాయంత్రాల బదులు ఇది దొరికిందనుకున్నాను.

రెండో వారానికి అలా పలకరించేవాళ్లు షిఫ్టుకు నలభై చిల్లర. సంక్రాంతి సెలవుల తర్వాత పదకొండు. ఎండలు ముదిరేసరికి ఇద్దరే మిగిలారు, అందులో ఒకడు హాలేజీ ఆపరేటర్. "కాకా, నేనీడనే ఉన్ననే!" అని దూరం నుంచే కేక వేసేవాడు. జూన్‌లో అతన్ని నేల పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టుకు మార్చారు. అక్కడ నా లైట్లు అక్కర్లేదు. క్యాంటీన్ ఆమె షిఫ్టు మారింది. అన్న ఈసారి నాటిక రాయడం లేదని ఎవరో చెప్పారు. తప్పు నాదేనా అని అన్నను అడగలేదు, అడిగితే ఏం చెబుతాడో ముందే తెలుసు.

ఈ మధ్య కొత్తగా చేరినవాళ్లు వచ్చారు. మొన్న షిఫ్టు చివర వాళ్లలో ఒకతను అందరికంటే ఆఖరున లైటు తెచ్చిచ్చాడు. ఆ లైటుతో ర్యాకు నిండింది. నేను అతని బిళ్ల ఇస్తూ, కొంచెం ముందుకు వంగి, "సరిపోయింది," అన్నాను.

అతను బిళ్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఏంది సార్?"

"ఏం లేదు," అన్నాను. "నీ నంబరు సరిగ్గున్నదా లేదా చూస్కో."

చూసుకున్నాడు. ఉందన్నాడు. వెళ్లిపోయాడు.