ఆఖరి పేట అరవై పిక్కలు

మా బావ ఓడిపోతాడని ఊరంతా తేల్చేశాక కూడా, ఓడిపోడని మొండిగా నమ్మిన మనిషిని నేనొక్కదాన్నే. బావంటే నా భర్తే. మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే.

మా పంచాయతీకి ప్రెసిడెంటుగా నిలబడాలని ఆయన ఇరవై ఏళ్ళు ఎదురుచూశాడు. రెండుసార్లు మా వర్గం పెద్దలు ఈసారికి ఆగు, వచ్చేసారి నీదే అన్నారు. ఆగాడు. మూడోసారి ఆగనన్నాడు. అప్పుడే ఆయన పెదనాన్న కొడుకు కూడా నేనూ ఉన్నానంటూ బయల్దేరాడు. అతనికి కొబ్బరి తోటలున్నాయి, కారుంది, పలాస జీడిపప్పు వ్యాపారుల్లో పలుకుబడి ఉంది. మా బావకి తోటల నుంచి పలాసకి జీడిపిక్కలు తోలే పాత వ్యాను ఒకటి ఉంది.

ఇద్దరూ నామినేషన్ వేస్తే అవతలి వర్గం కాలు మీద కాలేసుకుని గెలుస్తుంది. అందుకని టెక్కలిలో ఉండే మా వర్గం పెద్దాయన ఒక మాట చెప్పాడు. పంచాయతీలో ఉన్న ఆరు ఊళ్ళలోనూ ఊరికొక రోజు చొప్పున మనవాళ్ళని అడగాలి, ఎక్కువమంది ఎవరిని కోరుకుంటే అతనే నిలబడాలి, రెండో అతను నోరెత్తకుండా అతని వెనక తిరగాలి. అడగడమంటే, ఒక పాకలో ఇద్దరి పేర్లతో రెండు కుండలు పెడతారు. ఇంటికి ఒక్క జీడిపిక్క. నచ్చిన కుండలో వేసి రావడమే.

ఐదు ఊళ్ళు అయ్యేసరికి మా బావ నలభై మూడు పిక్కలు వెనకబడ్డాడు. మిగిలింది సముద్రం ఒడ్డున ఉన్న చేపలు పట్టేవాళ్ళ పేట. అక్కడ మావాళ్ళ ఇళ్ళు అరవై. క్యాలెండరు వెనక నేనే లెక్క వేశాను. యాభై రెండు పడితే గెలుస్తాం, యాభై ఒకటి పడితే ఓడిపోతాం. ఆ లెక్క ఎన్నిసార్లు వేసినా అంతే వచ్చేది, అయినా వేస్తూనే ఉన్నాను.

టెక్కలి పెద్దాయన ఫోన్ చేసి, పరువుగా తప్పుకోరాదా అన్నాడట. ఆఖరి ఊరు చూశాక చెప్తానని బావ పెట్టేశాడు. ఆ తర్వాత కంచం ముందు కూర్చుని అన్నం కెలికి లేచిపోయేవాడు. పలాసలో టీ కొట్టు దగ్గర ఎవరో "ఏటి ప్రెసిడెంటు గారూ" అని పిలిచి నవ్వారని, ఆ దారి మానేసి చుట్టూ తిరిగి వచ్చేవాడు.

పేటకి వెళ్ళి నాలుగిళ్ళు అడగమని ఆయన ప్రాణం తీశాను. ఆయన కదల్లేదు. "పేట పెద్దలతో మాటాడొచ్చినాను. ఇంక మనం ఊరుకోవాల. నువ్వూ ఊరుకో" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మిగతా ఐదు ఊళ్ళలోనూ ఈయన ఇలాగే పెద్దలతో మాట్లాడి ఊరుకున్నాడు. పెదనాన్న కొడుకు భార్య మాత్రం గడపగడపకీ వెళ్ళి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి అడిగింది. మా వైపు పెళ్ళికి పిలవాలన్నా, ఓటు అడగాలన్నా అదే పద్ధతి. బొట్టు పెట్టి అడిగితే కాదనే ఆడది ఉండదు. ఆ నలభై మూడు పిక్కలూ ఆవిడ కుంకుమ భరిణలోంచే వచ్చాయని నా నమ్మకం.

పేటలో కుండలు పెట్టే ముందురోజు బావ పలాస లోడుకి వెళ్ళగానే నేనూ భరిణ పట్టుకుని ఆటో ఎక్కాను. పేటలో మగవాళ్ళు చేపల వేటకి పోయి ఉన్నారు. ఒక్క గడప వదల్లేదు. అందరూ నుదురు చాచారు, అందరూ అలాగేనమ్మా అన్నారు. ఇసకలో ఎండుచేపలు ఆరబెడుతున్న పేట పెద్ద భార్య మాత్రం నన్ను ఎగాదిగా చూసి, ముందు పెద్దల దగ్గరికి రావాలి గదమ్మా, ఇలా ఇంటింటికీ తిరక్కూడదు అంది. ఇల్లు ఆడదానిది, పిక్కా ఆడదానిదే, మధ్యలో పెద్దలెందుకని ఎదురు చెప్పి వచ్చేశాను. ఆ పూట నేను పెద్ద మొనగత్తెనని నాకు గట్టి నమ్మకం.

మర్నాడు పొద్దున్న పడవలు ఒడ్డుకి చేరాక పేటంతా పాక దగ్గర గుమిగూడింది. నేను దూరంగా వ్యానులో కూర్చున్నాను. పిక్కలు పంచబోయే ముందు పేట పెద్ద మా బావని దగ్గరికి పిలిచి ఏదో అడిగాడు. బావ రెండు ముక్కల్లో జవాబు చెప్పాడు. పెద్ద వెనక్కి తిరిగి పేటవాళ్ళతో ఏదో చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరూ పాకలోకి వెళ్ళి రావడం మొదలైంది. నేను వేళ్ళు విరుచుకుంటూ, యాభై రెండు, యాభై రెండు అని గొణుక్కుంటున్నాను.

ముప్ఫై నాలుగు పడ్డాయి.

పేట మా వైపే ఉందని తెలిసినా అది గెలుపు కాదు. అప్పుడు పేట పెద్ద భార్య వ్యాను దగ్గరికి వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మొన్న సాయంత్రమే కూకున్నారమ్మా మావోలు. తుఫానెల్లినాక మీ ఆయన వారం రోజులు యానుతో మంచినీలు తెచ్చి పోసినాడు గదా, అరవై పిక్కలూ ఆయనకే అని మాటనుకున్నారు. మా పేట ఎప్పుడిచ్చినా ఒక్క మాటే ఇత్తాది. నువ్వు ఇల్లిల్లూ అడిగీసరికి, ఊరిని సీల్చినట్టయిపోనాది."

ఆవిడ ఇంకా చెప్పింది. ఇందాక పెద్ద మా బావని అడిగింది ఒక్కటేనట, నీ భార్య నీకు తెలిసి వచ్చిందా, తెలియక వచ్చిందా అని. తెలియక వచ్చిందంటే, ఆడకూతురి తొందర కింద వదిలేసి అన్న మాట మీదే ఉందామనుకున్నారట. మా బావ "నానే పంపినాను" అన్నాడట. అయితే మా మాట మీద నీకు నమ్మకం లేనట్టే, ఇంక ఎవరి పిక్క వాళ్ళదేనని పెద్ద చెప్పేశాడట.

దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. జీడితోటలు దాటాక, తెలియదని ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదని గట్టిగా అడిగాను. బావ రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఏటి సెప్పమంతావు? నా మాట కాదని ఎల్లిపోనాదని పదిమందిలో నీ మీద సెప్పమంతావా?"

అది నా మీద ప్రేమో, మగవాడి బింకమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఇరవై ఏళ్ళ ఆశని రెండు ముక్కల్లో వదిలేసుకున్నాడని మాత్రం తెలుసు. దానికి కారణం నేనే.

మాట ప్రకారం, అసలు ఎన్నికలకి మేము పెదనాన్న కొడుకు వెనక తిరిగాం. వ్యానుకి అతని ఫోటో కట్టారు, బావే నడిపాడు. పేట వంతు వచ్చినప్పుడు నేను భరిణ ఇంట్లో పెట్టి వెళ్ళాను. నేరుగా పాక దగ్గరికి వెళ్ళి, పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడి, అతనికి ఓటెయ్యమని అడిగాను. పెద్ద తలూపాడు.

ఆ అరవై ఇళ్ళూ ఒక్క మాట మీద నిలబడి అతన్ని గెలిపించాయి.