తెల్ల పెట్ట మేనరికం

నిరుడు మే నెల రెండో శుక్రవారం, ఉదయం పదీ నలభైకి మైపాడు బస్సు నెల్లూరులో కదిలింది. నా పక్కన నలభై ఏళ్ల ఆమె ఒళ్లో బుట్ట పెట్టుకుని కూర్చుంది. బుట్టలో తెల్లని ఫారం పెట్ట నోరు తెరిచి రొప్పుతోంది.

"కూరకా?" అన్నాను.

"కాదు పెద్దమ్మా, కోడిపిల్లలకి. మా నాయన పెంచిన అసీల్ జాతి పందెం పుంజు ముసిలిదైపోయింది. ఊళ్లో నాటు పెట్టలన్నీ తెగులుకు పోయినాయి. ఆ పుంజు కన్ను మూసేలోగా దాని పిల్లల్ని చూడాల. నేను పనిచేసే ఫారంలో అడిగి దీన్ని తెచ్చుకున్నా. సగం మేతే పెట్టి సాకినా. లేకుంటే లావెక్కి కాళ్లు పడిపోతాయి."

నేను చదివింది చెప్పాను. పూర్వం మన అసీల్ కోళ్లను ఓడల్లో ఇంగ్లండుకు తీసుకెళ్లి, అక్కడి కోళ్లతో కలిపి, రొమ్ము వెడల్పుగా ఉండే జాతిని తీశారు. తర్వాత అమెరికాలో ఆ జాతిని తెల్ల కోళ్లతో కలిపితే ఈ ఫారం కోళ్లు వచ్చాయి.

ఆమె పకపకా నవ్వింది. "అయితే ఇది మా పుంజుకు వరసకు మరదలే గదా! మేనరికం కుదిరింది పో!"

ఇందుకూరుపేట దాటేసరికి ఎండ ముదిరింది. నా సీసాలో నీళ్లతో కొంగు తడిపి ఆమె పెట్ట తలకు అద్దింది. అది రెక్కలు కొట్టుకుని మెడ వాల్చేసింది. నిద్రపోతున్నట్టు కనిపించేలా ఆమె దాని తలను రెక్క కిందికి సర్దింది.

"పెండ్లికొడుకు వాకిట్లో ఎదురుచూస్తుంటాడు" అని మైపాడులో దిగిపోయింది.

ఫారం కోడి కూరకు కడిగేటప్పుడు, రొమ్ము దగ్గర నా చెయ్యి ఇప్పటికీ కాసేపు ఆగుతుంది.

ఆ రోజు పోయినవి: తెల్ల పెట్ట ఒకటి, ఆ ముసలి పుంజుకు పుట్టవలసిన పిల్లలన్నీ.