ఎంగిలి పాటలు

మా బావగారికి, అంటే మా ఆయన అన్నగారికి, పాటలంటే ప్రాణమని ఆత్మకూరు బజారులో అందరూ చెప్పుకుంటారు. పదకొండేళ్ళుగా ఆయనతో ఒకే ఇంట్లో ఉంటున్నాను. నాకు తెలిసినంతవరకు ఆయనకున్నది పాటల మీద పెత్తనం. పప్పుల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాల మీద చేసే పెత్తనమే, మేడ మీద హాల్లో పాటల మీద చేస్తారు.

ఆ హాల్లో నా నడుమెత్తు స్పీకర్లు రెండున్నాయి. ఆదివారం పొద్దున టిఫిన్ల వేళకు నలుగురైదుగురు చేరతారు. రిటైరైన లెక్కల మాస్టారు, ఎరువుల కొట్టాయన తప్పకుండా ఉంటారు. బావగారు ఒక పాత సినిమా పాట పెట్టి కళ్ళు మూసుకుంటారు. ఆయన మూసుకుంటే అందరూ మూసుకోవాలి. నేను వడల పళ్ళెంతో మెట్లెక్కి వచ్చేసరికి ఒక్కొక్కరిదీ ఒక్కో కన్ను తెరుచుకుంటుంది. అంత తన్మయత్వం.

పాట అయ్యాక ఉపన్యాసం.

"ఒరిజినల్ అంటే గుళ్ళో మూలవిరాట్టు. ఈ యూట్యూబులో పాడేవోళ్ళది క్యాలెండరు బొమ్మ. ఎవురో తిని లేచిన విస్తట్లో కూచోని తింటా ఉండారు. ఎంగిలి పాటలు!"

అందరూ తలలూపేవారు. నేనూ ఊపేదాన్ని. ఊపి, కిందికి దిగి, వంటగదిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ ఎంగిలి పాటలే వినేదాన్ని. ఆయన కొట్లో గల్లాపెట్టె పైన గోడకు ఉన్నది క్యాలెండరు బొమ్మే. రోజూ పొద్దున్నే చెప్పులు విడిచి దానికే ఊదుకడ్డీలు వెలిగిస్తారు. ఆ సంగతి ఆయనకు ఎన్నడూ తట్టలేదు. తట్టే మనిషైతే ఉపన్యాసాలు ఇవ్వరు.

ఒకరి పాటను ఇంకొకరు మళ్ళీ పాడి పెట్టే ఈ కవర్లన్నీ గొప్పవని నేను అనను. చాలామటుకు చెత్త. కిటికీ పక్కన కూర్చుని, జుట్టు ఎగరేసుకుని, పాట కంటే ముందు తమ మొహం మనకు వినిపించాలనుకునేవాళ్ళు బోలెడు మంది. వాళ్ళని సగంలోనే ఆపేస్తాను. కానీ బాగా పాడినది ఒకటి దొరికితే నాకు పండగ. ముందు ఒరిజినల్ వింటాను, వెంటనే కవరు వింటాను, మళ్ళీ ఒరిజినల్‌కి వెళతాను. సినిమాలో ఆ పెద్ద గాయని అలవోకగా దాటేసిన ఒక సంగతి దగ్గర, కవరు పాడిన గిటారు పిల్ల భయపడి కాస్త ఊపిరి బిగబడుతుంది. అది విన్నాకే, పెద్దావిడ దాటింది గుంట కాదు బావి అని నాకు తెలుస్తుంది. ఒక్కోసారి వయొలిన్లన్నీ తీసేసి పాడితే, ముప్పై ఏళ్ళుగా వింటున్న పాటలో నాకు ఒక్కసారీ వినపడని మాట వినపడుతుంది. ఒకటి విన్నందుకు రెండోది తరిగిపోయిన దాఖలా లేదు.

అసలు నా చెవిన పడ్డ మొదటి పాటే కవరు. ఉదయగిరిలో మా నాయనకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. వెనకవైపు కూర్చుని మా అమ్మ చింతపండు గింజలు తీస్తూ పాడేది. అందులో ఒక పాటలో ఎవరో పిల్ల మేక కట్టుకుని ఏటికి వెళ్ళేది. మా ఊరి కొండ మీద మేకలు ఎక్కువే కాబట్టి నాకు అనుమానం రాలేదు. పన్నెండేళ్ళప్పుడు బస్సులో ఆ పాట విన్నాను. అందులో మేక లేదు, కోక ఉంది. ఇంటికి పరిగెత్తుకొచ్చి, "అమ్మా, బస్సులో ఆమె తప్పుగా పాడింది" అని చెప్పాను. మా అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, "పాడనీలే పాపం, పట్నమామె" అంది. ఇప్పటికీ ఆ పాట రెండు రకాలుగానూ నాకు ఇష్టమే.

బావగారి కూతురు నెల్లూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఈ ఇంట్లో నాకున్న ఒకే ఒక్క పాటల తోడు అది. పోయిన ఏడు ఒకరోజు నాకొక లింకు పంపి, వెంటనే ఫోన్ చేసింది. "చిన్నమ్మా, విను. ఎవురికీ చెప్పొద్దు."

వీడియోలో మొహం లేదు, కీబోర్డు మీద రెండు చేతులున్నాయి అంతే. వాళ్ళ నాన్న ప్రతి ఆదివారం పెట్టే పాటే. సినిమాలో అది గుర్రబ్బండిలా పరిగెత్తే పాట. దాన్ని నడిపించి పాడింది. పల్లవి చివర ఒక మాటను పూర్తిగా విడిచిపెట్టకుండా కాసేపు పట్టుకుంది. నేను స్టవ్ ఆపి మూడుసార్లు విన్నాను.

తర్వాత సెలవులకు ఇంటికొచ్చింది. ఆ ఆదివారం నేను వడల పళ్ళెం, అది చట్నీ గిన్నె పట్టుకుని మేడెక్కాం. ఎరువుల కొట్టాయన తన ఫోను పైకెత్తి పట్టుకుని ఉన్నాడు.

"అన్నా, ఇది ఒకసారి వినన్నా. మా కోడలు పంపించింది. నెల్లూరు పిల్లేనంట, బాగానే పాడింది."

మొదలవగానే నేను గుర్తుపట్టాను. పక్కన చట్నీ గిన్నెలో గరిటె చిన్నగా చప్పుడైంది.

బావగారు రెండో చరణం దాకా విని చెయ్యెత్తారు. "ఆపు ఆపు. ఏందిది? గొంతులో జీవం ఉండాదా? సాంబార్లో బిందెడు నీళ్ళు కలిపినట్టు ఉండాది. రెండో చరణంలో మరీ పలచనైపోయింది. మొహం చూపించడానికి కూడా సిగ్గుపడినట్టుండాది, ఆ మాత్రం తెలివన్నా ఉండాది పిల్లకి."

అందరూ నవ్వారు. లెక్కల మాస్టారు అందరికంటే గట్టిగా నవ్వాడు, లెక్కల్లో ఏనాడూ అంత ఉత్సాహం చూపించి ఉండడు.

అది గిన్నె బల్ల మీద పెట్టింది. "నాన్నా, అది నేనే పాడినాను."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగింది. లెక్కల మాస్టారి నోట్లో వడ అలాగే ఉండిపోయింది. నేననుకున్నాను, ఈ మనిషి ఇప్పుడు కోప్పడతాడు, లేదా సిగ్గుపడతాడు. రెండూ కాలేదు. గొంతు సవరించుకుని, "మళ్ళా పెట్టు. ఆ ఫోన్లో ఏం వినపడుతుంది? స్పీకర్లకు కలుపు" అన్నారు.

ఈసారి కళ్ళు మూసుకుని మొత్తం విన్నారు. అందరూ మూసుకున్నారు.

"చూసినారా, పల్లవి చివర ఎట్టా ఆపిందో! మా అవ్వ గొంతు. మా ఇంటి గొంతు అది!"

"నేను మొదట్నే అనుకున్నానన్నా" అన్నాడు లెక్కల మాస్టారు, వడ మింగి.

ఆ వారమంతా నేను చూడాల్సినవన్నీ చూశాను. ఆయన ఆ వీడియోని తనకు తెలిసిన ప్రతి గ్రూపుకీ పంపారు. కందిపప్పు కోసం చేజర్ల నుంచి వచ్చిన గిరాకీని నిలబెట్టి వినిపించారు. ఒకాయనతో, "ఒరిజినల్లో ఆమె కొంచెం తొందరపడిందిలే, మా పాప నిదానంగా పాడింది" అన్నారు. ముప్పై ఏళ్ళు గుళ్ళో పెట్టి పూజించిన మూలవిరాట్టును అలా ఒక్క మాటతో పక్కకు జరిపేశారు. సిద్ధాంతం మార్చుకుంటే నాకేం అభ్యంతరం ఉండేది కాదు. అసలు సిద్ధాంతమే లేదు. ఎదుటివాళ్ళ పిల్లలు పాడితే ఎంగిలి, తన పిల్ల పాడితే ప్రసాదం.

శనివారం అది వీడియో తీసేసింది.

బావగారు ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచారు. "ఎందుకు తీసేసినావు? ఊరందరికీ చెప్పుకున్నానే!"

"నా పాట గురించి మీరు ముందు చెప్పిందే నిజం నాన్నా. బాగలేదన్నారు కదా. మీరు దాని మీదే నిలబడుంటే ఇంకొకటి బాగా పాడుండేదాన్ని. ఇప్పుడు మీరు ఏమన్నా నాకు నమ్మకం లేదు."

ఆయనకు అర్థం కాలేదు. ఈ కాలం పిల్లలకు పొగిడినా తప్పే, తిట్టినా తప్పే అని మా ఆయనతో మొరపెట్టుకున్నారు. మా ఆయన తలూపారు. మా ఇంట్లో తలూపడం వంశపారంపర్యం.

మర్నాడు దాన్ని ఉదయగిరిలో మా తమ్ముడి ఇంటికి రెండు రోజులు తీసుకెళ్ళాను. బస్సులో అది కిటికీ పక్కన కూర్చుని బయటికే చూస్తోంది. నేను బావగారిని నాలుగు మాటలన్నాను, అది నవ్వుతుందని. నవ్వలేదు.

"నువ్వు కూడా నవ్వినావు చిన్నమ్మా" అంది.

"ఎప్పుడు?"

"నాన్న సాంబారు అన్నప్పుడు. నీకు తెలుసు నేనని. అయినా నవ్వినావు."

నవ్వాను. పళ్ళెం పట్టుకుని, అలవాటు కొద్దీ, అందరితోపాటు పళ్ళు బయటపెట్టాను. పదకొండేళ్ళు మెట్లు దిగాక వెక్కిరించడమే తప్ప, మెట్ల పైన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. లెక్కల మాస్టారిని చూసి అసహ్యించుకున్నాను, ఆయనకీ నాకూ తేడా ఒక్క వడ. ఇదంతా దానికి చెప్పలేదు. "తప్పే" అన్నాను.

కాసేపయ్యాక అది నా ఫోను తీసుకుని, ఇయర్‌ఫోను ఒకటి నా చెవిలో పెట్టి, రెండోది తన చెవిలో పెట్టుకుంది. నా దగ్గరున్న తన పాట కాపీ పెట్టింది. వెంటనే ఒరిజినల్ పెట్టింది.

"నిజం చెప్పు. రెండో చరణంలో పలచనైనానా?"

"అయినావు. ఊపిరి చాల్లేదు నీకు. పల్లవి మాత్రం ఆమె కంటే నీదే నాకిష్టం."

అప్పుడు నవ్వింది. "ఆ ముక్క నాన్న కూడా కరెక్టుగానే చెప్పినాడు చిన్నమ్మా. అదే నా మంట."

తర్వాతి ఆదివారం నేను పళ్ళెం బల్ల మీద పెట్టి, కిందికి దిగకుండా కుర్చీలో కూర్చున్నాను. బావగారు ఎవరిదో కవరును తిట్టడం మొదలుపెట్టగానే, "నాకది నచ్చింది బావా. ఒరిజినలూ నచ్చింది. రెండూ రోజూ వింటాను" అన్నాను.

ఆయన నన్ను గుమాస్తాను చూసినట్టు చూశారు. "నీకేం తెలుసమ్మా పాటల గురించి?"

"తెలీదు బావా. అందుకే వింటా ఉండాను."

ఎరువుల కొట్టాయన దగ్గినట్టు నటించి నవ్వు దాచుకున్నాడు. వీరుడే. ఆరోజు నుంచి నేను మేడ మీదికి పళ్ళెం మోయడం లేదు, వడలు ఎవరికి కావాలంటే వాళ్ళు కిందికి వచ్చి తీసుకెళుతున్నారు. ఇద్దరు రావడం మానేశారు. వాళ్ళ సంగీతం ఎక్కడుండేదో నాకు తెలిసింది.

బావగారు మారలేదు. ఇప్పుడు ఉపన్యాసంలో చివరన ఒక వాక్యం చేర్చారు: "ఏదో మా పాపలాంటోళ్ళు ఒకరిద్దరు తప్ప." ఆ పిల్ల మాత్రం మళ్ళీ ఎక్కడా వీడియో పెట్టలేదు. అప్పుడప్పుడు హాస్టల్ నుంచి నాకు మాత్రమే ఆడియో పంపుతుంది. పోయిన నెల పంపినదాంట్లో రెండో చరణం ముందు ఆగి, నిండుగా ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి కూడా వినపడుతుంది. తీసెయ్యొద్దని చెప్పాను.