ఏడో నంబరు కడ్డీ

2022. విశాఖలో మద్దిలపాలెం దగ్గర ఒక చిన్న టెస్టింగ్ ల్యాబ్‌లో ఇంజినీరుగా ఉన్నాను. మామూలు బరువే అయినా లక్షలసార్లు పడితే ఇనుము ఎప్పుడు విరుగుతుందో చూడటాన్ని ఫెటీగ్ టెస్ట్ అంటాం. నడుము సన్నగా తీసిన కడ్డీని బరువుతో వంచి, విరిగేదాకా తిప్పుతాం. ఒక్కో కడ్డీకి గ్రాఫ్ మీద ఒక్కో చుక్క. ఆ చుక్కల వెంట గీసే గీత ఎస్-ఎన్ కర్వ్. ఎంత బరువును ఎన్నిసార్లు ఓర్చుకోగలదో అది చెబుతుంది.

కంచరపాలెంలో లేత్ షెడ్డు నడిపే సూర్రావు, పోర్టువాళ్లను క్రేన్లకు ఇరుసుల్లాంటి లావు పిన్నులు చేసే ఆర్డరు అడిగాడు. మా రిపోర్టు బాగుంటేనే ఇస్తామన్నారట. ఆయన ఇచ్చిన కడ్డీలన్నీ బాగానే తిరిగాయి. ఏడోది మాత్రం చాలా ముందే విరిగింది.

"మీ స్టీలులోనే లోపం ఉంది" అని ఫోన్‌లో చెప్పేశాను, విరిగిన ముక్కను సరిగ్గా చూడకుండానే.

"ఏటి సార్ అలాగంతారు? ఒకే రాడ్డులో కోసినవి కదా! మిగతావన్నీ మంచివై, ఇదొక్కటే దొంగదా? ఈ ఆర్డరు పోతే నాను షెడ్డు మూసుకోవాల."

ఆ మాట గుచ్చుకుంది. మర్నాడు ముక్కను మైక్రోస్కోప్ కింద పెట్టాను. విరిగిన ముఖం మీది సన్నగీతలన్నీ ఒకే చోటి నుంచి విసనకర్రలా విచ్చుకున్నాయి; పగులు మొదలైంది అక్కడే. ఆ చోట సగం తెగిన ఏడు అంకె. కొట్టింది నేనే. నంబరు కడ్డీ చివర వెయ్యాలి. మెషిన్‌లో బిగించాక గాని అది గుర్తు రాలేదు. విప్పడానికి బద్ధకించి, బయటికి కనబడుతున్న నడుము మీదే అంకె పంచ్ పెట్టి సుత్తితో కొట్టాను. పగులుకు దారి చూపింది నేను, నింద మోసింది సూర్రావు.

షెడ్డుకే వెళ్లి తప్పు నాదని చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన మొహం పాలిపోయింది.

"సార్, మా నాన్న ముద్ర ఒకటుంది. నానూ పిన్ను నడుం మీదే కొడతన్నాను."

బల్ల మీద పంపడానికి సిద్ధంగా ఉన్న పిన్నులు చూశాం. సరిగ్గా బరువు పడే చోటే లోతుగా ముద్ర.

"చివర కొట్టండి. అక్కడ బరువు పడదు."

"సివర కొడితే ఎవుడికి కనబడతాది?" అని ఒక పిన్ను చివర తిప్పి చూసి నవ్వేశాడు. "పోనీలే సార్, పిన్ను నిలబడితే సాలదేటి!"

ఆ పిన్నులు పక్కన పడేసి కొత్తవి చేశాడు. నేను ఇంకో కడ్డీ తిప్పాను. చుక్క గీత మీదే పడింది. పాత చుక్కను చెరపలేదు. పక్కన "ల్యాబ్ పంచ్ గుర్తు వల్ల" అని రాసి సంతకం పెట్టాను.

ఆర్డరు ఆయనకే వచ్చింది. ఇప్పుడు ఏ కడ్డీ ముందుగా విరిగినా, స్టీలును అనుమానించే ముందు దాని మీద నా చెయ్యి ఎక్కడ పడిందో చూసుకుంటాను.