అమ్మిన మందు అమ్మినోనికే

మా వదిన పోయింది. నాంపల్లిలో మా ఇంటి గడప మీద తేలు కుట్టిన కాలు చాపి కూర్చున్నవారు మీలో ఎవరైనా ఉంటే, ఈ సంగతి ముందు వారికి తెలియాలి. పోయిన వారం తెల్లవారుతుండగా ఆయాసం ఎక్కువై, మా అన్న చేతుల్లోనే పోయింది. వచ్చినవాళ్లంతా నన్ను ఓదారుస్తున్నారు. నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువగా ఉందని వాళ్లతో ఎట్లా అనను? మీతో అంటున్నాను.

ఆమె పుట్టిల్లు భువనగిరి అవతల ఒక పల్లె. తాతల నాటి నుంచి వాళ్లింట్లో తేలు మంత్రం ఉంది. దానికి పైసా తీసుకోకూడదు, గుక్కెడు మంచినీళ్లు కూడా పుచ్చుకోకూడదు. విషం దిగినవాడు వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. చిన్నప్పుడు ఎవరో నొప్పి తగ్గిన సంతోషంలో చేతిలో బెల్లం ముక్క పెడితే ఆమె తినేసిందట. వాళ్ల నాయన ఇంట్లోంచి అంతే బెల్లం ఇచ్చి, ఎండలో పక్క ఊరిదాకా నడిపించి తిరిగి ఇప్పించాడు. "గా దినం సంది, మంత్రమేసినంక ఎవరన్న ఏమన్న ఇయ్యబోతే నా చెయ్యి మండుతది" అనేది.

ఇక మా ఇల్లు. ఆబిడ్స్‌లో లాంతరు చిమ్నీలు, గాజు సామాను అమ్మే దుకాణం మాది. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ ఆ చిమ్నీలకు చుట్టి వచ్చే పాత పత్రికల నుంచి వచ్చినవే. అందుకే నాకు ఏ కథా చివరిదాకా తెలియదు, కాగితం అక్కడికి చిరిగిపోయి ఉండేది. సరే, అది వేరే సంగతి. మా నాయన సూత్రం ఒక్కటే: పైసా పెట్టనిది పైసాకు పనికిరాదు. గుడికి పోతే ముందు హుండీలో ఒక డబ్బు వేసి, అప్పుడు ప్రసాదానికి చెయ్యి చాపేవాడు. కొన్నట్టు ఉండాలట.

అట్లాంటి ఇంట్లో పెరిగిన నన్ను ఒక తేలు కుట్టింది. మొజంజాహీ మార్కెట్ కొత్తగా కట్టిన రోజులవి. చిమ్నీల పెట్టెలో గడ్డి తీస్తుంటే వేలికి కుట్టింది. వదిన ఎదురుగా కూర్చుని వేపరెమ్మతో భుజం నుంచి కిందికి దువ్వుతూ ఏదో గొణుగుతోంది. ఉత్తగా చేసే వైద్యం ఏం పనిచేస్తుందిలే అని, నేను మెల్లగా ఒక అణా చాప కిందికి తోశాను.

కాసేపటికి ఆమె ఆగింది. "ఏందయ్యా, విషం మోచెయ్యి కాడనే నిలబడ్డది. గీడ ఏమన్న పెట్టినవా?"

"లేదు వదినా."

"తేలు కుట్టినోడు అబద్ధమాడితే దాని పెండ్లాం గూడ వస్తది, సూసుకో."

చాప ఎత్తి అణా తీసి వీధిలోకి విసిరింది. "విసరకు, విసరకు, అణా అది" అంటూ మా అన్న దాని వెనక ఉరికాడు. అతను వెతుక్కుని వచ్చేలోపల నా నొప్పి దిగింది. దానంతట అదే దిగే వేళయింది అంటారు చదువుకున్నవారు. అయి ఉండవచ్చు.

ఆమెను పైసా విలువ తెలియని అమాయకురాలు అనుకునేరు. సుల్తాన్ బజార్‌లో చీరలవాళ్లు ఆమెను చూసి పక్క దుకాణంలోకి తప్పుకునేవారు, అంత బేరమాడేది. ఒంటిని బాగుచేసే చేతికి మాత్రం పైసా తగలకూడదు. అదే ఆమెతో వచ్చిన చిక్కు.

యుద్ధం రోజుల్లో ఆమె కాళ్లకు నీరు పట్టింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. సర్కారు దవాఖానలో దానికి మందు లేదన్నారు. బషీర్‌బాగ్‌లో ఒక ముసలి డాక్టరు ఇంటి దగ్గర ఊరికే చూసి మందిస్తాడని మా అన్న చెప్పాడు. "ఊరికే చూసేటోడు ఏం చూస్తడే?" అని నేను ఆబిడ్స్‌లో అందరికంటే ఎక్కువ ఫీజు తీసుకునే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ముందే వెళ్లి సంగతంతా చెప్పుకుంటే ఆయన నవ్వాడు.

"నా ఫీజు ఎగ్గొట్టినోళ్లు మస్తుమంది ఉన్నరు. గిట్ల మంత్రం పేరు చెప్పినోళ్లు మాత్రం లేరు."

"ఫీజు నేనిస్త సాబ్. ఆమెకు తెల్వద్దు, గంతే."

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. "నేను గూడ మీలెక్కనేనమ్మా, పైసల్ ముట్టను" అన్నాడు. వదిన ముఖం వెలిగిపోయింది. "సూసినవా మరిదీ? గీయన చేతిల గుణమున్నది." పూటపూటకూ తానే అడిగి మందు తాగింది. కాళ్ల వాపు తీసింది. వడియాలు ఎండబెట్టడానికి మిద్దె ఎక్కింది కూడా. మా అన్న నా భుజం తట్టాడు.

అప్పుడొక నిజాయితీపరుడు అడ్డం వచ్చాడు. ఒకరోజు నేను దుకాణంలో ఉండగా ఆమె ఒక్కతే మందుకు వెళ్లింది. అక్కడి కంపౌండరు, మొన్న మీ మరిది ఇచ్చినదాంట్లో మిగిలిందమ్మా అని అర్ధ రూపాయి చేతిలో పెట్టాడు. దొంగవాడైతే మా వదిన ఇవాళ బతికి ఉండేది.

అరచేయి తెరిచి పట్టుకుని, నిప్పు తెచ్చినట్టు, నేరుగా దుకాణానికి వచ్చింది. "గిది నీదేనా?"

"వదినా, నీ మంత్రం వేరు, డాక్టర్ మందు వేరు. పైసలిచ్చి తెచ్చిన్రో ఊకెనే తెచ్చిన్రో సీసాకు తెలుస్తదా?"

"చాప కింది అణా విషానికి తెల్వలేదా?"

నేను చెయ్యి చాపినా ఆమె ఆ అర్ధ రూపాయి ఇవ్వలేదు. "అమ్మిన మందు అమ్మినోనికే పనిచేస్తది" అని, ఇంటికి పోయి సీసానూ అర్ధ రూపాయినీ గూట్లో పక్కపక్కన పెట్టింది. మళ్లీ ముట్టుకోలేదు. మా అన్న తన మీద ఒట్టు పెట్టాడు, బతిమాలాడు, ఆఖరుకు తాను అన్నం మానేశాడు. ఆమె అతనికి కలిపి తినిపించింది కానీ మందు తాగలేదు.

అప్పుడు నాకు బషీర్‌బాగ్ ముసలాయన గుర్తొచ్చాడు. టాంగా కట్టించుకుని పోయి ఆయన్ను ఇంటికి తీసుకొచ్చాను. ఆయన నిజంగానే పైసా తీసుకోలేదు, చాయ్ కూడా ముట్టలేదు. మందిచ్చి వెళ్లిపోయాక వదిన నా వైపు తిరిగింది.

"గీయనకెంత ఇచ్చినవ్ మరిదీ?"

దేవుడి మీద ప్రమాణం చేశాను. నమ్మలేదు. ఆ సీసా కూడా గూట్లోకే చేరింది.

ఆమె నాయన బెల్లం ముక్కతో నేర్పినదాన్ని, మా నాయన హుండీ దగ్గర నేర్పినదాన్ని ఒకచోట పెట్టి చూసుకుంటున్నాను. ఏది మంత్రమో, ఏది లెక్కో నాకు తేలడం లేదు. ఆమె పైసాకు భయపడింది. నేను ఊరికే వచ్చినదానికి భయపడ్డాను. మధ్యలో మందు ఉండిపోయింది.

నిన్న పొద్దున నాంపల్లి స్టేషన్ హమాలీ ఒకతను కుంటుకుంటూ వచ్చి, అలవాటుగా గడప మీద తేలు కుట్టిన కాలు చాపాడు. "అమ్మను జర పిలువుండ్రి." లేదని చెప్పాను. అతను కాలును రెండు చేతులా పట్టుకున్నాడు. నేను లోపలికి పోయి, గూట్లోని అర్ధ రూపాయి తెచ్చి, టాంగా ఎక్కి దవాఖానకు పొమ్మని ఇవ్వబోయాను.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వద్దు సేఠ్. గీ గడప మీద పైసల్ ముట్టుకుంటే దిగేది గూడ దిగదు."

లేచి, గోడ పట్టుకుంటూ వెళ్లిపోయాడు. మంత్రం వేసినవాళ్లు ఎవరూ లేరు, విషమూ దిగలేదు. అయినా వీధి మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. నేను గడపలో నిలబడ్డాను, అరచేతిలో అర్ధ రూపాయి పట్టుకుని.