చదువులక్క మింగిన పేరా

ఆ కుట్టుశాల పై అంతస్తులో గుండీలు కుట్టే ఆడవాళ్లకు ఒక ఏర్పాటు ఉండేది. ఒకామె పుస్తకం పైకి చదువుతుంది. ఆమె వాటా చొక్కాలను తక్కినవారు పంచుకొని కుడతారు. చదివే ఆమెకు చదువులక్క అని పేరు పడింది. బడి మధ్యలో మానేసిన మనిషే గాని, ఎక్కడ ఆగాలో ఆమె గొంతుకు తెలుసు.

ఆ రోజుల్లో వాళ్లను వేధిస్తున్నది వెనక మెట్ల తలుపు. చొక్కాలు ఎవరైనా ఎత్తుకుపోతారని యజమాని దానికి ఎప్పుడూ తాళం వేయించి ఉంచేవాడు. ఇస్త్రీ గదిలో పొగ లేచిన రోజు అందరూ ఇరుకైన ముందు మెట్ల మీదే తోసుకున్నారు. ఒకామె చెయ్యి విరిగింది. తలుపు తీయించమని యజమానిని అడిగే పని చదువులక్కకు అప్పగించారు. ఆయన వచ్చినప్పుడల్లా ఆమె పుస్తకం మూసి తల దించుకునేది.

అప్పుడు చదువుతున్నది మనసునూ సమాజాన్నీ కలిపి విచారించిన ఒక గ్రంథం. అందులో సగం అతిశయోక్తి అని నా అభిప్రాయం. మిగిలిన సగమే వాళ్లకు పనికి వచ్చింది.

ఒక మధ్యాహ్నం పక్కన కూర్చున్న చిన్నమ్మ అనే ఆమె సూది ఆపింది.

"ఆగక్కా. ముందుకీ వెనక్కీ అతకలేదు. మధ్యలో ఏదో మింగేశావు."

"పేజీలు అతుక్కుపోయాయే."

"అతుక్కుంది నీ నాలుక. చదువు!"

చదివింది. తండ్రి చెప్పుల చప్పుడుకు ఊపిరి బిగబట్టడం నేర్చిన బిడ్డ, పెద్దయ్యాక యజమాని చెప్పుల చప్పుడుకూ అలాగే బిగబడుతుందట. ఎప్పుడో పోయిన తన తండ్రి, చిన్నప్పుడు గుమ్మంలో కనబడితే కంచంలో చెయ్యి కదిలేది కాదని, చదవడం అయ్యాక ఆమే చెప్పింది.

"అయితే మన యజమాని మా నాన్నా? పోలికే లేదే, మా నాన్నకు బోలెడు జుట్టు!" అంది చిన్నమ్మ. గదంతా నవ్వింది.

ఆ నవ్వులోనే యజమాని వచ్చాడు. పుస్తకం మూయబోయిన చెయ్యి ఆగింది. చదువులక్క లేచి నిలబడింది.

"సార్, పనివేళల్లో ఆ వెనక తలుపు తీసి ఉంచాలి."

"ఇన్నాళ్లూ లేని ఇబ్బంది ఇప్పుడేంటమ్మా?"

"ఎప్పుడూ ఉంది సార్. నేనే అడగలేదు." గొంతు వణికింది, మాట మాత్రం పూర్తయింది.

"చొక్కాలు పోతే ఎవరిది పూచీ?"

"చొక్కాలైతే మళ్లీ కుట్టుకోవచ్చండీ. మమ్మల్ని కుట్టలేరుగా!" అంది చిన్నమ్మ.

సూదులన్నీ ఆగి ఉన్నాయి. ఆయన గదంతా ఒకసారి చూసి, తాళంచెవి తెప్పించాడు. బిగుసుకుపోయిన గడియకు మిషను నూనె పోసి ఇద్దరు లాగాల్సి వచ్చింది.

జీతాలు పెరగలేదు, యజమాని మారలేదు. కొన్నాళ్లకు చదువులక్క మరుగుదొడ్డికి గొళ్లెం కావాలని అడిగింది. ఈసారీ గొంతు వణికింది, కాస్త తక్కువగా.